తట్టి చూసే చెయ్యి

మా మావ పోయేడు. మా ఆయనకి కన్నతండ్రి, మా జాలరిపేటలో ఫైబర్ బోట్లు బాగుచేసే మేస్త్రీ. మొన్న మంగళవారం పొద్దున్న, ఎండ వరండాలోకి వచ్చే టైముకి, మంచం మీద కూచునే పోయేడు. అప్పటికి మా ఆయన సముద్రం మీద ఉన్నాడు, వేటలో. అంత దూరంలో ఫోను అందదు. ఒడ్డున ఉన్నోళ్ళు వైర్‌లెస్ సెట్టులో చెప్పేరు, "ఒరే, మీ అయ్య పోయేడ్రా, బేగొచ్చీ" అని. ఆ సెట్టులో ఒకడికి చెప్తే చుట్టుపక్కల బోట్లన్నీ వింటాయి. అందరూ విన్నారు. మా ఆయన "సరే" అన్నాడట. ఇంకో మాట లేదు.

తండ్రి చచ్చేడంటే కొడుకు అనే మాట అదేనా అని పేటలో అప్పుడే చెవులు కొరుక్కుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. పోయినోళ్ళందరూ దేవుళ్ళే అని రాసే రకం కాదు నేను. మావ దేవుడు కాడు, మంచోడు అని కూడా గట్టిగా చెప్పలేను. ఆయన నోరు విప్పితే ఎదటి మనిషి ఆ పూట అన్నం తినలేడు. కానీ ఆ ఇంట్లో నాలుగు అక్షరాలు వచ్చినదాన్ని నేనొక్కర్తినే. ఆయన గురించి రాయాలంటే నేనే రాయాలి, ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఆయనకి ఒక అలవాటుండేది. ఏది కనపడినా వేలి కణుపులతో తట్టి చూసేవాడు. కొబ్బరికాయ, నీళ్ళ డ్రమ్ము, గుమ్మం, ఏదైనా సరే. తట్టి, తల ఒక పక్కకి వంచి వినేవాడు. నా పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు అందరూ నన్ను చూస్తుంటే ఆయన లేచి మా ఇంటి గోడ తట్టేడు. "ఈ గోడలో ఉప్పు పట్టీసింది. రెండు వానలు కాయదు" అన్నాడు. మా నాన్న మొహం మాడిపోయింది. మా అత్త ఆయన చొక్కా పట్టుకుని లాగి కూచోబెట్టింది. రెండో వానాకాలం ఆ గోడ నిజంగానే కూలింది. పరామర్శకి వచ్చి, "సెప్పేను కదా" అని టీ తాగి వెళ్ళిపోయేడు. అలాంటి మనిషి.

ఫైబర్ బోటంటే అంతా ఫైబరే అనుకుంటారు తెలీనోళ్ళు. పైన చిప్ప ఫైబరు. లోపల అడుగున నిలువుగా, అడ్డంగా కర్ర దూలాలుంటాయి. వాటి మీద కూడా ఫైబర్ తొడుగు వేసేస్తారు కాబట్టి కర్ర కంటికి కనపడదు. బోటు బలమంతా ఆ దూలాల్లోనే. తొడుగుకి చిన్న కన్నం పడిందా, ఉప్పునీళ్ళు లోపలికి దిగి కర్ర కుళ్ళిపోద్ది. పైన చూస్తే పెయింటు నిగనిగలాడతాది. ఏదో ఒక రోజు పెద్ద అల మీంచి దబ్బున పడినప్పుడు అడుగు విరిగిపోద్ది. ఒడ్డున పడితే అదృష్టం. అందుకే మావ తట్టి చూసేవాడు. గట్టి దూలం టంగుమంటుంది. కుళ్ళిన దూలం డబ్బుమంటుంది. "రంగు సూసి మోసపోకండి, తట్టి ఇనండి" అనేవాడు. ఆయన డబ్బుమందంటే ఆ బోటు వేటకి వెళ్ళదు. ఎవడైనా మొండికేస్తే, "ఎల్లరా, ఎల్లు. నీ పెళ్ళాం గాజులు పగలకొట్టడానికి నాను రాను, ఇప్పుడే సెప్తన్నాను" అని ఆ పెళ్ళాం ముందే అనేవాడు.

మా పేటలో ఒక ఆచారముంది. ఎండాకాలం వేట బందయి, మళ్ళీ బోటు నీళ్ళలోకి దించే రోజు, ఆడోళ్ళు గంగమ్మకి మొక్కి, ముందు దూలానికి మేకు కొట్టి పసుపు గుడ్డ, వేపమండ, నిమ్మకాయలు కడతారు. ఏటా కొత్త మేకే కొట్టాలి. పాత మేకు పీకితే తల్లిని పొమ్మన్నట్టే అంటారు. మేకంటే కన్నం, కన్నమంటే నీళ్ళు. ఆ మేకుల్ని చూస్తే మావకి పూనకం వచ్చేది. ఆ రోజు ఒడ్డున పటకారు పట్టుకుని తిరిగేవాడు. "మీ భక్తి తగలెయ్య, తల్లికి దండం సాలదేటి, ఇనపముక్కలు కూడా కావాలా?" అని పూజ చేసుకుంటున్న ఆడోళ్ళ నెత్తి మీద అరిచేవాడు. మా అత్త ఒక్కర్తే మేకు కొట్టకుండా, బోటు అంచుకి దారం కట్టి నిమ్మకాయలు వేలాడదీసేది. "అదీ బుర్రంటే. మా ఇంటిదాన్ని సూసి నేర్సుకోండి" అని ఊరంతా చాటేవాడు. ఆవిడ గురించి ఆయన అన్న మంచిమాట అదొక్కటే.

మా అత్త పోయేక, ఈ మధ్య ఎండాకాలంలో మా బోటు వంతు వచ్చింది. ఊరందరి బోట్లూ తట్టి చూసే మనిషి సొంత బోటుని ఆఖర్న తట్టేడు. ముందు దూలం డబ్బుమంది. మావ మళ్ళీ తట్టేడు. మళ్ళీ డబ్బే. గ్రైండరు పెట్టి తొడుగు కోస్తే లోపల కర్ర నానిన అటుకుల్లాగా చేతికొచ్చింది. అందులోంచి మేకులు రాలేయి. తుప్పు పట్టి, పసుపు గుడ్డ పీలికలు అంటుకుని, ఏడాదికొకటి చొప్పున. వలలు కుప్పేసే చోట, ఎవరికీ కనపడకుండా కిందగా కొట్టింది మా అత్త. పైన దారం ఆయన కోసం, కింద మేకు తల్లి కోసం. ఆయన నోటికి భయపడి అన్నేళ్ళూ అలా దాచుకుంది పాపం.

ఆయన చిందులేస్తాడనుకున్నాను. ఏమీ అనలేదు. మేకులన్నీ ఏరి ఖాళీ పెయింటు డబ్బాలో వేసుకున్నాడు.

ముందు దూలం కుళ్ళు మిగతా వాటికి కూడా పాకింది. అన్నీ మార్చాలి. "ఒకటి తియ్యాల, ఒకటి ఎయ్యాల. అది గట్టిపడ్డాక రెండోది. అన్నీ ఒక్కసారి పీకితే బోటు బొజ్జ జారిపోద్ది" అన్నాడు మావ. ముందు దూలం వేసేలోగానే ఆయనకి దగ్గులో రక్తం పడింది. ఏళ్ళ తరబడి ఫైబర్ పొడి మింగిన ఒళ్ళు కదా. ముక్కుకి గుడ్డ కట్టుకో మావా అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "గుడ్డ కడితే రెజిన్ వాసన తెల్దే గుంటా. వాసన తెల్దంటే అది ఎప్పుడు పడతాదో తెల్దు" అనేవాడు. రెజినంటే ఫైబర్‌ని పట్టించే జిగురు, ఎండలో తొందరగా గట్టిపడిపోద్ది, అంతకు ముందు వాసన మారతాదట. ఆ వాసన కోసం ఆ విషమంతా పీల్చేడు.

పెద్దాసుపత్రిలో చేర్చేము. డాక్టరమ్మ ఆయన వీపు మీద ఒక చెయ్యి పెట్టి, రెండో చేతి వేలితో తట్టింది. పైన ఒకసారి, కింద ఒకసారి. మావ తల పక్కకి వంచేడు. బోటు దగ్గర ఎలా వింటాడో అలాగే విన్నాడు. ఆవిడ కింద పక్క మళ్ళీ తట్టింది. ఆయన నా వైపు తిరిగి, "ఇన్నావా?" అన్నాడు. నేను విన్నాను. అన్నేళ్ళు ఆయన పక్కన ఉన్నదాన్ని, ఆ శబ్దం నాకు తెలుసు. "డబ్బంటంది" అని తనే అన్నాడు, పక్కింటోడి బోటు గురించి చెప్తున్నట్టు.

ఇక్కడ మా ఆయన చేసిన పని చెప్పాలి. అయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. వేట మొదలయ్యే రోజు దగ్గరకొచ్చేస్తంది. ఆ బోటు దిగకపోతే ఆ ఏడాది మా ఇంటికి వేట లేదు. తిరిగొచ్చేసరికి సగం పని అయిపోవాలి, ముసిలాయన ఒళ్ళు అలవకూడదు అనుకున్నాడు. నాతోనే అన్నాడు ఆ మాట, ఎంత సంబరంగా అన్నాడో. మిగిలిన పాత దూలాలన్నీ ఒక్కసారే కోసి పీకేసేడు. కింద ఊతం పెట్టలేదు. ఎండకి మెత్తబడి బోటు అడుగు జారింది. అది చూసుకోకుండా దాని మీదే కొత్త దూలాలు వేసేసేడు. జారిన బొజ్జ జారినట్టే బిగుసుకుపోయింది.

మావ ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు, ఆటో తిన్నగా ఒడ్డుకే పోనిమ్మన్నాడు. బోటు ముందు నుంచి వెనక్కి దారం లాగించేడు. ఇసకలో గొంతుక్కూచుని, ఒక కన్ను మూసి చూసేడు. మా ఆయన పక్కన నించుని ఉన్నాడు. ఒంటినిండా ఫైబర్ పొడి, మెచ్చుకుంటాడేమోనని మొహంలో చిన్న నవ్వు కూడా ఉంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు మెదులుతుంది.

మావ లేచి ఆ మేకుల డబ్బా తీసి కొడుకు గుండెల మీదకి విసిరేడు.

"మీ అమ్మ మేకులేసి సంపింది. నువ్వు పేగులు లాగీసేవ్. బుర్రలేందాని కడుపున బుర్రలేనోడు కాక ఇంకెవుడు పుడతాడ్రా? అది ముందే సచ్చి మంచి పని సేసింది. నేకపోతే ఇద్దర్నీ ఇక్కడే పాతీసుందును!"

ఒడ్డున పేటంతా ఉంది. వలలు బాగుచేసుకుంటున్న చేతులన్నీ ఆగిపోయేయి. ఎవరో ఒకాయన "తప్పు మేస్త్రీ, పోయినమనిషి" అన్నాడు. "నీ పని సూసుకో" అన్నాడు మావ. గ్రైండరు తెచ్చి కొడుకు ముందు పడేసేడు. "కొయ్యి. నీ సేత్తో ఏసేవ్, నీ సేత్తోనే కొయ్యి."

మా ఆయన ముందు ఇసకలో కూచుని మేకులు ఏరేడు. ఎవరి కాల్లోనూ దిగకుండా ఒక్కొక్కటీ వెతికి డబ్బాలో వేసేడు. తరవాత గ్రైండరు తీసుకుని తను వేసిన దూలాలన్నీ తనే కోసేసేడు. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడలేదు.

మాట్లాడకపోయినా పని చెయ్యాలి కదా. ఆటోనగర్ నుంచి లారీ జాకీలు తెచ్చి బోటు కింద పెట్టేరు, పక్కల్లో ఇసక బస్తాలు పేర్చేరు. దారం చూసుకుంటూ రోజుకింత, రోజుకింత పైకెత్తేరు. ఇద్దరూ ఒకే బోటులో, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర. మాటలు మాత్రం నా మీదుగా నడిచేవి. "ఒలే, మీ ఆయన్ని ఆ మ్యాటు ముక్క ఇలగియ్యమను" అనేవాడు మావ. మ్యాటంటే రెజిన్‌లో తడిపి అంటించే గాజు పీచు గుడ్డ, అది మా ఆయన చేతిలోనే ఉండేది. నేను చెప్పేదాకా ఇచ్చేవాడు కాదు. "ఎంత ముక్క కావాలో అడుగు" అనేవాడు ఈయన. "మూరెడు అని సెప్పు" అనేవాడు ఆయన. మద్దిలపాలెం వెళ్ళి చేపలమ్ముకు రావలసినదాన్ని, గంప పక్కన పడేసి ఇద్దరి మధ్య మాటలు మోసేను. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. "మీ ఇద్దరి నోళ్ళూ పడిపోనాయేటి? నాను వైర్‌లెస్ సెట్టునేటి, మీ ఇద్దరికీ?" అని అరిచేసేను. ఇద్దరూ తలెత్తి నన్ను చూసేరు. మావ అన్నాడు, "మీ ఆయనకి సెప్పు, రెజిన్ పట్టీస్తంది, సేతులాడించమని." చచ్చినా మారరు.

మావ ఆరోగ్యం సంగతి మా ఆయనకి చెప్పేను. డాక్టరమ్మ తట్టిన సంగతి, డబ్బుమన్న సంగతి, అంతా. వల బాగుచేసుకుంటూ విన్నాడు. "ఇన్నావా?" అన్నాను. "ఇన్నాను" అన్నాడు. వల మీంచి తల ఎత్తలేదు. ఆ పక్కనే, బీరువా మీద వాళ్ళమ్మ ఫొటో ముందు, మేకుల డబ్బా ఉంది.

పని ఆఖర్న మావ ఒక వింత పని చేసేడు. మ్యాటు పీలికల్ని తాడులాగా పేని, రెజిన్‌లో ముంచి, సీసా మెడకి చుట్టి ఒక రింగు తయారుచేసేడు. దాన్ని ముందు దూలం మీద అంటించి, పైనుంచి మళ్ళీ మ్యాటు వేసి కలిపేసేడు. ఒక్క కన్నం లేదు. అది ఎక్కడుందో చూసేను. మా అత్త మేకులు కొట్టిన చోటే.

"ఏటి మావా ఇది?"

"బకెట్టు కట్టుకోడానికి."

"బకెట్టుకి ఇంత సోకా?"

"పనెగ్గొట్టి ప్రశ్నలేటే నీకు? పోయి గంజి తే."

బోటు దించే రోజు వచ్చింది. మా పేట పెద్దమ్మ ఒకావిడ మేకు, సుత్తి పట్టుకుని మా బోటు దగ్గరకొచ్చి, మావని చూసి ఆగిపోయింది. ఆయన ఇసకలో కూచుని దగ్గుతున్నాడు. నేను పసుపు గుడ్డ, వేపమండ, నిమ్మకాయలు తీసుకెళ్ళి ఆ రింగుకి కట్టేను. కట్టి ఆయన వైపు చూసేను. తిడతాడనుకున్నాను. మొహం తిప్పుకున్నాడు. మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన తిట్టడానికి వీలున్న చోట తిట్టకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ మాట మా ఆయనకి చెప్పేను. "మీ అమ్మ కోసమే సేసేడయ్యా ఆ రింగు. నోటితో సెప్పలేక సేత్తో సేసేడు" అన్నాను.

"బకెట్టుకని అన్నాడు కదా?"

"అన్నాడనుకో..."

"అయితే బకెట్టే కడతాను" అన్నాడు. నిమ్మకాయలు వాడిపోయి రాలిపోయేక నిజంగానే నీళ్ళు తోడే బకెట్టు కట్టేసేడు. బోటు వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మావ ఒడ్డుకి వెళ్ళి చూసేవాడు. బకెట్టు కనపడేది. ఏమీ అనకుండా ఇంటికొచ్చేసేవాడు. తండ్రీ కొడుకుల్లో ఎవరు ఎక్కువ కసాయోళ్ళో మీరే చెప్పండి, నాకు తేలలేదు.

తరవాత మంచం పట్టేడు. ఆ మంచం మీంచి కూడా గోడ తట్టేవాడు, ఊరికే. అడుగుల చప్పుడు వింటే తల పక్కకి వంచేవాడు. మా ఆయన ఇంట్లోకి వచ్చి, అన్నం తిని, ఆ మంచం పక్క నుంచే వెళ్ళిపోయేవాడు. మందులు మాత్రం తప్పకుండా తెచ్చేవాడు. తెచ్చి నా చేతికిచ్చేవాడు.

మంగళవారం పొద్దున్న గంజి పట్టుకెళ్తే కూచుని ఉన్నాడు.

"బోటెప్పుడొస్తాది?" అన్నాడు.

"రేపు మావా."

ఊపిరి అందడం లేదు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ అరచేతిలో గాజు పొడి గరుకు అలాగే ఉంది.

"మీ ఆయనకి సెప్పు" అన్నాడు.

"ఏటి సెప్పమంటావు?" అన్నాను. దగ్గొచ్చింది. గిన్నె పక్కన పెట్టి వీపు రాసేను. దగ్గు ఆగేక చూస్తే మనిషి లేడు.

మర్నాడు మధ్యాహ్నం బోటు ఒడ్డుకొచ్చింది. మా ఆయన దిగి, అందర్నీ దాటుకుని తిన్నగా నా దగ్గరకొచ్చేడు. ఏడుస్తాడేమోనని నేను చెయ్యి చాపేను.

"ఏటైనా అన్నాడేటే?" అన్నాడు.

"'మీ ఆయనకి సెప్పు' అన్నాడు."

"ఏటి సెప్పమన్నాడు?"

"అంతేనయ్యా. దగ్గొచ్చీసింది. మరి మాట రాలేదు."

ఒక మంచిమాట అల్లి చెప్పొచ్చు. ఎవరు అడుగుతారు? కానీ అన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్య మాటలు మోసినదాన్ని, ఒక్కటి కూడా సొంతంగా కల్పించి మొయ్యలేదు. ఆ రోజు కూడా నోరు రాలేదు. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూసేడు, ఇంకా ఏమైనా ఉందేమోనని. తరవాత వెళ్ళి తండ్రికి స్నానం చేయించేడు, పాడె మోసేడు, నిప్పు పెట్టేడు. కంట్లో చుక్క నీరు రాలేదు.

అంతా అయిపోయేక, సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే, తడిబట్టలతో ఒడ్డుకి వెళ్ళేడు. నేను వెనకాలే వెళ్ళేను. బోటు ఎక్కి, వెనక నుంచి మొదలెట్టి ఒక్కొక్క దూలం తట్టడం మొదలెట్టేడు. తల పక్కకి వంచి, అచ్చు మావలాగే. టంగుమంది. ఇంకోటి. టంగుమంది. ఒకే దూలాన్ని మూలమూలలా తట్టేడు. ముందుదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదలెట్టేడు. కణుపులు గీరుకుపోయి రక్తం కారుతున్నా ఆపలేదు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు, ఆయన ఏం వెతుకుతున్నాడో. ఎక్కడైనా ఒక్క చోట డబ్బుమంటుందేమోనని. ఒక్కటి డబ్బుమంటే చాలు, మళ్ళీ ఆ ముసిలాయన మీద కోపం తెచ్చుకోవచ్చు.

ఒక్కటీ డబ్బుమనలేదు.

ముందు దూలం దగ్గర కూలబడ్డాడు. "ముసిలోడు... ఒక్కటైనా తప్పు సేసి సావొచ్చు కదే" అన్నాడు.

ఇసకలో అలాగే నించున్నాను. ఆయన వంగి బకెట్టు ముడి విప్పేడు. ఉప్పుకి బిగుసుకుపోయింది, పళ్ళతో లాగి విప్పేడు. బకెట్టు ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ అయిన ఆ రింగులో వేలు దూర్చి, దూలానికి చెవి ఆనించి కూచున్నాడు.